నాయనమ్మ అల్లిన బేగం

పోయిన నెల తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీవాళ్ళు తమ క్లబ్‌హౌస్‌లో ఒక పాత నవలకు సన్మానం చేశారు. మనుషులకు చేసే సన్మానాలే భరించలేక చస్తుంటే ఇప్పుడు నవలలకూ మొదలుపెట్టారు. మా చెల్లెలి కూతురు ఆ టవర్లలోనే ఉంటుంది. "పెద్దమ్మా, నువ్వు ఇక్కడ పుట్టినదానివి, నాలుగు పుస్తకాలు రాసినదానివి, నువ్వు లేకపోతే ఎట్లా" అని కారు పంపింది. వెళ్ళాను. వేదిక మీద నల్లగుడ్డ, దాని నిండా ప్లాస్టిక్ సాలెగూళ్ళు, బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు. కొత్తగా అచ్చువేసిన పుస్తకం అట్ట మీద జుట్టు విరబోసుకున్న తెల్లచీర ఆడమనిషి, ఆమె వెనక సగం కూలిన దేవిడీ, అంటే జాగీర్దార్ల కాలపు బంగళా. పేరు 'దేవిడీలో దీపం'. మైకు పట్టుకున్న కుర్రవాడు "సరిగ్గా ఇక్కడే, మన టవర్ల కిందే, ఆ బేగం ఆత్మ తిరిగిందండీ" అన్నాడు. సభంతా ఆహా అంది. తర్వాత ఒకావిడ లేచి, ఆడవాళ్ళ గుండె లోతులు ఈ రచయిత్రికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవని చెప్పి కళ్ళు ఒత్తుకుంది. నేను సమోసా తింటూ కూర్చున్నాను. ఆ రచయిత్రికి మీసాలుండేవి. లుంగీ ఎగగట్టి, మా పెరట్లో నీళ్ళ గోలెం పక్కన నిలబడి పళ్ళు తోముకుంటూ ఊరంతా వినబడేలా కాండ్రించేవాడు.

ఆ రోజుల్లో ఆడపేరుతో వచ్చిన నవలకే గిరాకీ. అందుకని మగవాళ్ళు పెళ్ళాల పేర్లు, మరదళ్ళ పేర్లు, పుట్టని చెల్లెళ్ళ పేర్లు తగిలించుకుని వారపత్రికలకు సీరియళ్ళు రాసి పడేసేవారు. మా కామేశ్వరరావుగారూ అందులో ఒకడు. ఆయన పెట్టుకున్న పేరు నేనిక్కడ రాయను. ఉన్న కీర్తి చాలు. లింగంపల్లి అవతల కొత్తగా పెట్టిన పెద్ద ఫ్యాక్టరీలో గుమాస్తాగా గోదావరి వైపు నుంచి వచ్చాడు. క్వార్టరు దొరికేదాకా అని మా ఇంట్లో వీధివైపు గది కిరాయికి తీసుకున్నాడు. మా ఊరు అప్పటికి తెల్లాపూర్ దారిలో నాలుగు గడపలూ, చుట్టూ గుట్టలూ. దూరాన జొన్నచేల మధ్య పాత దేవిడీ ఒకటి గోడలు విరిగి ఉండేది. ఆయన కిటికీలోంచి అది కనిపించేది. ఆయన దాని గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. పాములంటే భయం. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పెన్ను చెవిలో పెట్టుకుని, అటే చూస్తూ నిట్టూర్చేవాడు. దాన్ని పరిశోధన అనేవాడు.

మా ఇంట్లో తెల్లవారడం అంటే ముందు నాయనమ్మ చుట్ట వాసన, తర్వాత గేదెల కొట్టం వాసన, ఆ తర్వాత పెనం మీద కాలే జొన్నరొట్టె వాసన. ఈ వరస ఎన్నడూ తప్పేది కాదు. నాయనమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట పీలుస్తూ వచ్చేపోయేవాళ్ళందరి కులగోత్రాలూ విచారించేది. అమ్మ రొట్టెలు కొట్టేది. నాన్న ఎడ్లను తోలుకుని పోయేవాడు. మిగతా పనంతా చిన్నత్తది. చిన్నత్త అంటే నాన్న ఒక్కగానొక్క చెల్లెలు, యాదమ్మ. పెళ్ళయిన ఏడాదికే మొగుడు జ్వరంతో పోతే తిరిగి మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజు చేటలో పోసుకున్న బియ్యం ఇంకా ఏరుతూనే ఉందా అన్నట్టు ఎప్పుడు చూసినా ఏదో పనిలో ఉండేది. మా ఊరి బావి నీళ్ళలో పప్పు ఉడకదు. రాయి రాయిలాగే ఉంటుంది. దేవిడీ బావి నీళ్ళు పోస్తే ఒక్క పొంగుకే మెత్తబడేది. అందుకని రోజూ పొద్దెక్కాక చిన్నత్త బిందె చంకన పెట్టుకుని 'పప్పునీళ్ళ'కు దేవిడీకి పోయేది. నేనూ చిన్న బిందెతో వెంట పడేదాన్ని. శుక్రవారమైతే అక్కడే తలంటుకుని, జుట్టు విరబోసి ఎండలో ఆరబెట్టుకుంటూ పాటలు పాడేది. కట్టింది వెలిసిపోయిన నీలంచీర. దూరం నుంచి కామేశ్వరరావుగారికి అది తెల్లగా కనబడింది. ఆ మనిషి పాపం అంతా ఆ దూరంలోనే ఉంది.

ఆ దేవిడీ ఎవరో చిన్నపాటి జాగీర్దారుది. మామిడిపళ్ళ కాలంలో వచ్చి, నాలుగు రోజులు తిని, నిద్రపోయి పోయేవాడట. జాగీర్లు పోయాక అతనూ రాలేదు. కాపలావాడు కొన్నాళ్ళు అందులో కోళ్ళు పెంచి, తలుపులు ఊడదీసి అమ్ముకుని వెళ్ళిపోయాడు. చరిత్ర ఇంతే. బేగం అనే మనిషి అటువైపు మొహం కూడా చూపలేదు. అయితే కామేశ్వరరావుగారికి బేగం కావాలి. అరుగు మీదికి వచ్చి నాయనమ్మ పక్కన గొంతుకూర్చుని, "ఏమండీ మామ్మగారూ, ఆ దేవిడీలో ఎవరైనా అన్యాయంగా చచ్చిపోయారాండీ? ఆడవాళ్ళు? అందమైనవాళ్ళు?" అని అడిగేవాడు. నాయనమ్మకు మొదట ఏం అర్థం కాలేదు. ఒకసారి ఆయన ఊరి నుంచి వస్తూ పూతరేకులు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయే ఆ వస్తువు నాయనమ్మ జన్మలో చూడలేదు. వెంటనే ఆమెకు బేగం జ్ఞాపకం వచ్చింది.

"ఒకామె ఉండె బిడ్డా, మస్తు తెల్లగ. గా బాయిల వడ్డది" అని మొదలుపెట్టింది. పూతరేకులు మళ్ళీ వచ్చేసరికి బేగంకు ఒక హిందూ ప్రియుడు పుట్టాడు. ఇంకోసారికి నవాబు అతని తల నరికించాడు. ఇక ఒకనాడు సున్నుండలు కూడా వచ్చాయి. ఆ రోజు నాయనమ్మ ధారాళంగా లంకెబిందెలు పాతేసింది, బావి అడుగున, బంగారంతో సహా. నేనూ చిన్నత్తా గడప లోపల కూర్చుని నవ్వు ఆపుకోలేక పైట కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళం. ఆయన వెళ్ళాక చిన్నత్త "ఎందుకే అమ్మా గన్ని అబద్ధాలు?" అంటే, నాయనమ్మ పెదాల మీది చక్కెర నాక్కుంటూ, "అడుగుతున్నడు, చెప్తున్న. నాదేం వోయింది?" అంది.

ఆ ఏడే చిన్నత్తకు ఒక సంబంధం వచ్చింది. మాలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయినామెకు మళ్ళీ పెళ్ళి చేస్తారు. నార్సింగి కిష్టయ్య, పెళ్ళాం పోయినవాడు, ద్రాక్షతోట కౌలుకు చేసేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు గంపలో ద్రాక్షపళ్ళు తెచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ గంపలోంచి నలిగిన పళ్ళు ఏరి పక్కన పెడుతూ, మంచివి మాత్రం చిన్నత్త వైపు జరిపాడు. అది మా ఆడవాళ్ళందరూ చూశారు. అతను వెళ్ళాక చిన్నత్త ఆ పళ్ళు ఎవరికీ పెట్టకుండా చాలాసేపు ఒళ్ళో ఉంచుకుంది. ఆమె దేన్నయినా తనకోసం ఉంచుకోవడం నేను చూడటం అదే మొదలు. అతన్ని చిన్నత్త ఇష్టపడింది. ఇంతకంటే అలంకారంగా చెప్పడం నాకు రాదు, చెప్పేవాళ్ళ నవలలు చదివీ చదివీ విసుగెత్తింది.

సీరియల్ మొదలైంది. రచయిత్రిగారికి పత్రిక ఉచితంగా వచ్చేది. ఆయన చదివి మురిసిపోయాక మా ఇంటికి ఇచ్చేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడకట్టు ఆడవాళ్ళందరూ చిక్కుడుకాయలో పల్లికాయలో ఒళ్ళో వేసుకుని మా అరుగు మీద చేరేవారు. వాళ్ళలో ఒక్కరికీ చదువు రాదు. బడికి పోయేదాన్ని నేనే కాబట్టి చదివే పని నాది. పత్రికలోది కోస్తా తెలుగు, పైగా పుస్తకాల తెలుగు. "నిశీధి నీరవంలో ఆమె అధరాలు కంపించాయి" అని ఉంటే, "ఏమన్నదే?" అని అడిగేవారు. "గజగజ వణికింది" అనేదాన్ని. అలా చదువుతూ చదువుతూ మా మాటలోకి తిప్పి చెప్పేదాన్ని. సగం అర్థం లేని మాటలు తీసేస్తే వారం కథ చుట్ట ఆరిపోయేలోపే అయిపోయేది. ఆ కథ గురించి ఏం చెప్పను! ఒక యువ వితంతువు, ఆమెలో పూర్వజన్మ బేగం. ఒక ఇంజనీరు, అతనిలో పూర్వజన్మ ప్రియుడు. ప్రతి వారం ఒక హత్యో, ఒక నిట్టూర్పో, తప్పనిసరిగా ఒక మూర్ఛ. ఆ నాయిక మూర్ఛపోయినన్నిసార్లు మా ఊళ్ళో ఏ ఆడమనిషి అయినా పడి ఉంటే పొలాల్లో ఒక్క కలుపుమొక్క కూడా తీసి ఉండేవాళ్ళం కాదు.

అందరికంటే విచిత్రం నాయనమ్మ. మొదటి వారం బేగం పేరు వినగానే చుట్ట తీసి పక్కన పెట్టింది. రెండో వారానికి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత దేవిడీ వైపు కాళ్ళు చాపి పడుకోవడం మానేసింది. చిన్నత్త నవ్వి, "నువ్వే కదనే చెప్పింది గా ముచ్చట! పూతరేకులు తిని చెప్పలే?" అంది. నాయనమ్మ చాలా గంభీరంగా, "నేను చెప్పింది వేరే. గిది అచ్చుల వడ్డది. ఊకెనే అచ్చేస్తరా పట్నమోళ్ళు?" అంది. తన నోట్లోంచి ఊడిపడిన బేగమే సిరాలో మునిగి తిరిగి వచ్చేసరికి ఆమెకు నిజమైపోయింది. మేం నవ్వాం. అదే మేం ఆ కథను చూసి ఆఖరుసారి నవ్వడం.

ఎందుకంటే ఆ పై వారం నాయిక ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు వచ్చింది. బావిగట్టు మీద శుక్రవారం తలారబెట్టుకునే ఆ స్త్రీ, బేగం ఆవహించగానే ఆ తేలు కదులుతుందట. నేను ఆగిపోయాను. పల్లికాయల చప్పుడూ ఆగింది. అందరి చూపులూ చిన్నత్త ఎడమ చేతి మీదికి పోయాయి. తేలు అక్కడే ఉంది, ఆమె చిన్నప్పుడు జాతరలో పొడిపించుకున్న తేలు. చిన్నత్త చేతిని దాచుకోలేదు. "ఆగినవేందే? చదువు" అంది. చదివాను. ఆ సాయంత్రానికి మా వాడకట్టుకు, బజారు రోజుకు శేరిలింగంపల్లికి, అక్కడి నుంచి నార్సింగికి ఆ తేలు పాకిపోయింది. యాదమ్మకు బేగం పట్టిందట, పుస్తకంలో పడ్డదట. నార్సింగి నుంచి కబురు ఆగిపోయింది. ద్రాక్షలు ఆగిపోయాయి. చిన్నత్త పప్పునీళ్ళకు పోతూనే ఉంది కానీ పాట మానేసింది. నాతో కూడా ఎక్కువ మాట్లాడేది కాదు. వీధి మలుపు దగ్గర ఎడ్లబండి చప్పుడైతే మాత్రం తల ఎత్తేది. కాదని తెలిశాక మళ్ళీ దించుకునేది.

అప్పుడు సీరియల్లో లంకెబిందెలు తేలాయి. బేగం ఆత్మ తాను ఆవహించిన మనిషికి ఒక్కదానికే ఆ చోటు చూపిస్తుందని కామేశ్వరరావుగారు రాశాడు. ఆ తర్వాత ఎన్నాళ్ళో కాలేదు, నార్సింగి బండి మా గుమ్మం ముందు ఆగింది. దిగింది కిష్టయ్య తల్లి నర్సమ్మ. చేతిలో పసుపు కుంకుమలు, కొత్త రవికె గుడ్డ, మొహం నిండా ప్రేమ. చిన్నత్తను దగ్గర కూర్చోబెట్టుకుని ఎడమ చేతిని ఒళ్ళోకి తీసుకుని తేలును నిమిరింది.

"నీకు ఐతారం కలలొస్తయా బిడ్డా, శుక్కురారమా?" అని అడిగింది.

"నాకు కలలు రావు. పండుకుంటే నిద్రొస్తది" అంది చిన్నత్త.

"చెప్పద్దులే, చెప్పద్దులే. గట్లాంటియి బయట చెప్పద్దు. ఇంట్లకొచ్చినంక చెప్దువు" అని నర్సమ్మ కన్నుకొట్టినంత పనిచేసింది. నాయనమ్మ ఊరుకోవచ్చు కదా! "బాయి అడుగునే ఉన్నయి వదినా, అచ్చుల వడ్డది" అని సాక్ష్యం చెప్పింది. నాన్నకు చెల్లెలి పెళ్ళి కుదురుతోందన్న సంతోషం తప్ప ఇంకేదీ చెవికెక్కలేదు. ముచ్చట ఖాయం చేసుకోవడానికి కిష్టయ్య వచ్చే రోజు నిర్ణయించేశారు.

చిన్నత్త ఆ సాయంత్రం కామేశ్వరరావుగారి గది గుమ్మంలో నిలబడింది. వెనక నేను. ఆమె ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు.

"సారూ, మీ కథల గా బిందెలు తీసెయ్యిండ్రి. బేగం ఉండనియ్యిండ్రి, తేలు ఉండనియ్యిండ్రి. బిందెలు లేవని ఒక్క మాట రాయిండ్రి. నా పెండ్లి ముచ్చట అది" అంది.

ఆయన కంగారుపడి లుంగీ దించాడు. "అయ్యయ్యో, యాదమ్మగారూ, అది మీరు కాదండీ! కేవలం కల్పన అండీ. ఇప్పుడు నిధి తీసేస్తే పాఠకులు ఊరుకుంటారాండీ? ఎడిటరుగారు నా ప్రాణం తీసేస్తారు. మీకు కళ గురించి తెలియదుగానీ..." అని ఇంకా ఏదో చెప్పబోయాడు. చిన్నత్త వినకుండా వచ్చేసింది. ఆడవాళ్ళ గుండె లోతులు తెలిసిన ఆ మహానుభావుడి గుమ్మంలో నిజంగా ఒక ఆడమనిషి గుండె చేత్తో పట్టుకుని నిలబడితే ఆయనకు కనిపించింది ఎడిటరు మొహం.

కిష్టయ్య వచ్చాడు. పెద్దలు అరుగు మీద మాటల్లో ఉండగా చిన్నత్త బిందె, చేంతాడు తీసుకుని, "పప్పునీళ్ళకు పోవాలె. జర తోడు రా" అని అతనితోనే అంది. నలుగురూ నవ్వారు. మారుమనువు కాబట్టి అంత సిగ్గు అవసరం లేదు. అయినా ఇద్దరినే పంపరు కనుక నన్ను వెంట పంపారు. నడినెత్తిన ఎండ. దారిలో అతను వాళ్ళ తోటలో కొత్తగా వేసిన పందిరి గురించి చెప్పాడు. చిన్నత్త రెండు మూడుసార్లు నవ్వింది కూడా. మొగుడితో నడుస్తున్న మనిషిలాగే ఉంది. తల్లిది ఆశ, కొడుకు అలాంటివాడు కాదు అనుకునే చిన్నత్త అతన్ని తీసుకొచ్చిందని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

బావి దగ్గర అతను చేంతాడు అందుకున్నాడు. తోడలేదు. గట్టు మీద మోకాళ్ళూని లోపలికి వంగి చూశాడు. నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఏ దిక్కున్నయి?" అన్నాడు.

చిన్నత్త బిందె గట్టు మీద దించింది. "ఏ దిక్కు లేవు కిష్టయ్యా. మా అమ్మ మిఠాయి తిని చెప్పింది, గా సారు రాసిండు. ఒట్టు."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, అదే నాకు ఇప్పటికీ కడుపు మండే విషయం. చాలా ఆప్యాయంగా నవ్వి, "నా దగ్గర గూడ దాస్తవా? ఇగ నువ్వూ నేనూ ఒక్కటే గద" అన్నాడు.

లేని బంగారాన్ని లేదని నిరూపించడం ఎవరి తరం? ఆమె ఎన్ని ఒట్లు పెట్టుకుంటే అతనికి అంత నమ్మకం పెరుగుతుంది. ఆ ఇంటికి కోడలుగా పోతే బతికినన్నాళ్ళూ ఆమె మొహం మీద కాక ఆమె నాలుక మీదే వాళ్ళ కళ్ళుంటాయి. చిన్నత్త అతని చేతిలోంచి చేంతాడు తీసుకుని, తనే తోడుకుని, బిందె నింపుకుంది. "ఇంటికి పో" అంది. దారంతా ముందు నడిచింది. ఆమె వీపు తప్ప నాకేమీ కనబడలేదు. అరుగు దగ్గరకు వచ్చి, "అన్నా, నాకీ మనువు వద్దు" అని లోపలికి పోయి పప్పు ఎసట్లో పోసింది. నాన్న తిట్టాడు, అమ్మ ఏడ్చింది. నర్సమ్మ మాత్రం బండి ఎక్కుతూ తలూపి, "బేగం ఒప్పుకోలే" అని తేల్చేసింది. ఊరు దాన్నే ఖాయం చేసుకుంది. రెండు వారాల తర్వాత చూద్దును కదా, కామేశ్వరరావుగారు ఆ మాటను కూడా కథలోకి లాగేశాడు. బేగం ఆత్మ పెళ్ళిపందిట్లో దీపాలన్నీ ఆర్పేసిందట.

ఇప్పుడు ఆ గుట్టలు లేవు, పేల్చి కంకర చేశారు. దేవిడీ రాళ్ళు ఎవరి ప్రహరీల్లోకి పోయాయో తెలియదు. బావి పూడ్చి దాని మీద స్విమ్మింగ్‌పూల్ కట్టారని మా చెల్లెలి కూతురు గర్వంగా చూపించింది. అప్పటివాళ్ళు చదువురాక అచ్చును నమ్మారు, సరే. ఇప్పుడు రెండేసి డిగ్రీలున్నవాళ్ళు ఫ్లాటు కొనేముందు దిక్కులు చూపించుకుని, కారు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించుకుని, పై అంతస్తులో కూర్చుని మా నాయనమ్మ అబద్ధానికి వారసత్వ సంపద అని పేరు పెట్టుకుంటున్నారు. మా నాయనమ్మ కనీసం పూతరేకులు తిని నమ్మింది. వీళ్ళు డబ్బు కట్టి నమ్ముతున్నారు. అప్పటి రోజులు బంగారమని నేను అనను. అప్పుడూ ఇంతే బుద్ధిహీనంగా ఉన్నాం, కాకపోతే చెమట పట్టేది.

సీరియల్ ఆఖరి భాగం వచ్చిన మధ్యాహ్నం మా అరుగు మీద కాలు పెట్టే చోటు లేదు. నేను ముందే చదువుకున్నాను. ఇంజనీరు నాయికను పెళ్ళాడతాడు, బేగంకు విముక్తి, లంకెబిందెలు అనాథాశ్రమానికి. ఒళ్ళు మండిపోయింది. ఎలాగూ మా మాటలోకి తిప్పేదాన్ని కదా, నాయిక ఆ ఇంజనీరును గెంటేసిందని చదివేస్తానని వంటింట్లోకి వెళ్ళి చిన్నత్తతో చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, "వద్దు బిడ్డా. ఉన్నది ఉన్నట్టే చదువు. వాళ్ళొచ్చింది పెండ్లి చూడనీకె" అంది. వచ్చి అందరితో పాటు గోడవార కూర్చుంది.

ఉన్నది ఉన్నట్టే చదివాను. తాళి కట్టే చోటికి వచ్చేసరికి అరుగంతా ముక్కులు ఎగబీల్చడమే. ఆ తేలును నార్సింగి దాకా మోసుకెళ్ళినవాళ్ళే కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. "ఎన్ని కష్టాలు పడ్డదో పాపం, పిల్ల" అంది ఒకామె. "దేవుడు సల్లగ చూసిండు, మల్ల ఒక ఇంటిదయ్యింది" అంది నాయనమ్మ, ఎక్కిళ్ళ మధ్య. వాళ్ళకు చేయి చాచినంత దూరంలో చిన్నత్త కూర్చుని ఉంది. ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. కాసేపయ్యాక ఒకామె చూసింది.

"యాదీ, ఏడ్చి ఏడ్చి తలకాయ నొస్తున్నదే. జర చాయ్ పెట్టవే అందరికి" అంది.

చిన్నత్త లేచి లోపలికి వెళ్ళి పొయ్యి రాజేసింది. చాయ్ వచ్చేదాకా వాళ్ళు ఆ కాగితం పిల్ల కోసం ఏడుస్తూనే ఉన్నారు.